అడ్డం ముందు, నిలువు తర్వాత

జూన్ 9

చిట్టి ఏడవలేదు. ఏడుస్తుందని బ్యాగులో రెండు రుమాళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళాను. వాళ్ళమ్మ ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఇంటికెళ్దాం పెద్దమ్మా అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత నిబ్బరం ఏమిటో. అంతా మా చెల్లి పెంపకం.

చెల్లికి గొంతులో గడ్డ. ఆపరేషను అయ్యాక ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. మెడకి గొట్టం పెడతారట. అది చిట్టి కంట పడకూడదని వీడియో కాల్స్ వద్దంది. ఆసుపత్రి ఉన్నది పద్నాలుగు గంటల దూరంలో. ఎన్ని నెలలు పడుతుందో తెలీదు. చిట్టి తండ్రి ఆ పిల్లకి రెండేళ్ళప్పుడు సిగరెట్లు తెచ్చుకుంటానని వెళ్ళినవాడు ఇంకా తెచ్చుకుంటూనే ఉన్నాడు కాబట్టి, పిల్ల నా దగ్గర.

వెళ్తూ వెళ్తూ దానికో ఈ-రీడర్ కొనిచ్చింది. ఎవరో వాడి వదిలేసినది. మా ఇంట్లో చదవడానికి క్యాలెండరు, మా ఆయన బస్సు డ్యూటీ చార్టు తప్ప ఏమీ ఉండవని ఎగతాళి కూడా చేసింది. పలకంత ఉంది. నలుపు, తెలుపు, మధ్యలో నాలుగు రకాల బూడిద. ఆపేస్తే ఒక బొమ్మ వచ్చి నిలబడుతుంది, ఛార్జింగ్ అయిపోయినా ఆ బొమ్మ పోదు. ప్రస్తుతం పెన్సిళ్ళ బొమ్మ. అక్కడ అమ్మ ఫోటో ఉండాలని చిట్టి కోరిక. రోజుకొకటి పంపిస్తానని చెల్లి మాటిచ్చింది. బస్సెక్కుతూ, ఆ మిగిలిన గొంతుతో అంది, "అక్క పెడుతుందిలే. ఫోటో కొయ్యడంలో అక్కని మించినవాళ్ళు లేరు."

ఇరవై ఏడేళ్ళుగా స్టూడియోలో అదే పని. మొదటిసారి మెచ్చుకుంది.

జూన్ 10

కొలత కనుక్కున్నాను. అడ్డం 1072 చుక్కలు, నిలువు 1448. స్టూడియోలో మా లెక్క ఒకటే, అడ్డం ముందు, నిలువు తర్వాత. పాస్‌పోర్టు ఫోటో అయినా గోడంత ఫ్రేమైనా అంతే. తిరగేసి చెప్తే ఫ్రేములో ఫోటో పట్టదు, పట్టించబోతే ఎవరి తలో పోతుంది.

సాయంత్రం ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు వెతికాం. నెట్‌లో దొరికేవన్నీ ఫోన్లకి చేసినవి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. లేదా కంప్యూటర్లకి చేసినవి, చాపలా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. దీని ఆకారం ఆ రెండిటికీ చెందదు. పొట్టి బొమ్మ పెడితే పైనా కిందా తెల్ల పట్టీలు. సాగదీస్తే పిల్లి కాస్తా గాడిదవుతుంది. కొలత కుదిరినవాటిలో కూడా సగం రంగు పోగానే బురదగుంటలైపోయాయి. ఎరుపైతే ఈ స్క్రీను మీద నలుపే. తల ప్రాణం తోకకొచ్చాక ఆరు దొరికాయి. పడవ, దీపస్తంభం, గొడుగు కింద పిల్లి, ఇంకా మూడు.

వెతుకుతున్నంతసేపూ చిట్టి గడ్డం నా భుజం మీద ఆనించి చూసింది. రెండు గంటలు. భుజం లాగేసింది. నేను కదల్లేదు.

జూన్ 12

అమ్మ పంపేదాకా ఇది పెట్టు పెద్దమ్మా అని నా కంప్యూటర్లోంచి ఒక ఫోటో వెతికి తీసింది. నిరుడు స్టూడియోలో మేం ముగ్గురం దిగినది. కుడివైపు నేను కుర్చీలో, మధ్యలో చిట్టి, ఎడమవైపు చెల్లి నిలబడి, చిట్టి వెనక నుంచి చెయ్యి చాచి నా భుజం మీద వేసింది. నేను ఎప్పటిలాగే కళ్ళు సగం మూసుకున్నాను. చెల్లి ఎప్పటిలాగే చెల్లిలా ఉంది.

ముగ్గురూ పట్టరని చెప్పాను. అడ్డం ఫోటో, నిలువు స్క్రీను.

"అయితే ఎవర్నైనా కొయ్యాలా?"

ఎవరినో ఒకరిని కొయ్యాల్సిందే అన్నాను. చిట్టి కాసేపు ఆలోచించి, అయితే వద్దులే, పడవ ఉంచు అంది.

జూన్ 15

చెల్లి మెసేజి: "అయిపోయింది అక్కా. బానే ఉన్నాను. ఫోటో సైజెంతో చెప్పు."

చెప్పాను. 1448, 1072.

జూన్ 18

మూడు ఫోటోలు వచ్చాయి. మూడూ అడ్డంగా. దిండు మీద పక్కకి తిరిగి పడుకుని, ముఖం ఫోటో నిండా వచ్చేలా తీయించుకుంది. నిలువుగా కోస్తే ముక్కూ, ఒక కన్నూ మిగులుతాయి. మంచం పట్టి కూడా అందంగా పడాలన్న యావ పోలేదు. మా చెల్లికి చావు భయం కన్నా ఫోటోలో ఎలా పడతానో అన్న భయమే ఎక్కువ.

సైజు నేనే తిరగేసి చెప్పానని ఇప్పుడు చూసుకున్నాను. ఇరవై ఏడేళ్ళలో ఇదే మొదటిసారి. ఈ మధ్య స్టూడియోలో పని ఎక్కువైంది. కళ్ళద్దాలు కూడా మార్చాలి.

పట్టని ఫోటోలు చూపించి పిల్లని ఊరించడం ఎందుకు? అమ్మ ఇంకా పంపలేదన్నాను. సైజు సంగతి చెల్లికి రేపు సరిచేసి చెప్తాను.

జూన్ 20

చెప్పడం మర్చిపోయాను.

జూన్ 21

మర్చిపోయాను.

జూన్ 26

ఫోటోలు పదకొండు అయ్యాయి, అన్నీ అడ్డమే. దిండు గలీబు మారుతోంది, ముఖం చిక్కుతోంది.

చిట్టి స్కేలు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఫోటో కొయ్యడం నేర్పమంది. నేర్పాను. ముందు చట్రం గియ్యాలి, తర్వాత కళ్ళు ఎక్కడున్నాయో చూడాలి, కళ్ళు పైనుంచి మూడో వంతులో పడాలి, పక్కన అనవసరమైనది ఏదున్నా మొహమాటపడకుండా తీసెయ్యాలి. గుర్రం బొమ్మని ఎంత చక్కగా కోసిందో! ఈ పనితనం వాళ్ళమ్మ నుంచి రాలేదు. చెల్లికి గీత కూడా తిన్నగా గియ్యడం రాదు.

అప్పుడంది, "అమ్మకి కొలత కుదరక పంపట్లేదేమో. ఎలా ఉన్నా పంపమను పెద్దమ్మా. నేను కోసుకుంటాను."

చెప్తానన్నాను.

ఈసారి మర్చిపోలేదు. చెప్పలేదంతే.

జూలై 2

చెల్లి నుంచి: "అక్కా, నువ్వు సైజు తిరగేసి చెప్పావు. మా నర్సమ్మ దగ్గర కూడా ఇలాంటి రీడరే ఉంది, తనే చూసి చెప్పింది. పాపం, ఇంటి పనీ స్టూడియో పనీ, అలిసిపోయి ఉంటావు. ఇదిగో."

తెరిచి కొలిచాను. 1072, 1448. ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నర్సు స్టూలెక్కి తీసిందట. మెడ చుట్టూ లేతరంగు స్కార్ఫు, ముదురైతే స్క్రీను మీద మసిలా కనబడుతుందని. కళ్ళు సరిగ్గా మూడో వంతులో. నవ్వుతోంది.

నాకు కొయ్యడానికి ఏమీ మిగల్చలేదు.

జూలై 3

పెడదామనే అనుకున్నాను. కానీ బుగ్గలు బాగా లోపలికి పోయాయి. పిల్ల జడుసుకుంటుంది. ఇంకాస్త కోలుకున్నాక వచ్చే ఫోటో పెడతాను.

జూలై 7

బడి గేటు దగ్గర నన్ను చూసి "అమ్మా" అని పరిగెత్తుకొచ్చింది. మధ్యలో ఆగి, నోరు జారింది పెద్దమ్మా అంది.

జారనీ.

జూలై 8

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి మూడుసార్లూ ఖాళీ చేతులతో వచ్చాను. మూడోసారి వచ్చిన నెలకే చెల్లికి చిట్టి పుట్టింది. ఉయ్యాల నేనే కొన్నాను, ఊపింది కూడా ఎక్కువ నేనే. "మా అక్కకి పిల్లలంటే ప్రాణం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నవ్వుతూ చెప్పేది. అప్పుడు కూడా ఫోటోలన్నీ తనవే.

నేనేం తప్పు చేస్తున్నాను? పిల్లకి వేళకి అన్నం పెడుతున్నాను, జడ వేస్తున్నాను, దగ్గు వస్తే గుండెల మీద వేసుకుని కూర్చుంటున్నాను. ఒక ఫోటో పెట్టలేదు. ఫోటోయే కదా.

జూలై 11

ఇవాళ కొత్త చిక్కు. చెల్లికి రీడర్ ఫోటో తీసి పంపాలట. తన ముఖం అందులో ఎలా కనబడుతోందో, చిట్టికి ఎలా కనబడుతోందో చూసుకోవాలట. ముందే అనుకున్నాను అడుగుతుందని.

చిట్టి బడిలో ఉండగా కేబులు తగిలించి, చెల్లి ఫోటో ఎక్కించి, చిట్టి దిండు మీద రీడర్ పెట్టి, పక్కన దాని బొమ్మ కుందేలుని కూర్చోబెట్టి ఫోటో తీసి పంపాను. వెలుతురు కిటికీ వైపు నుంచి పడేలా చూసుకున్నాను. పని అన్నాక పనిలా చెయ్యాలి. చెల్లి నుంచి వెంటనే వచ్చింది: "రోజూ దాని తలగడ పక్కన ఉంటున్నానన్నమాట. ఇక నాకు భయం లేదు అక్కా."

తర్వాత ఫోటో తీసేసి పడవ పెట్టేశాను. మూడున్నరకి చిట్టి వచ్చింది.

పాతబడ్డ స్క్రీనుకి ఒక జబ్బు ఉంటుందని నాకు తెలీదు. పోయిన బొమ్మ పూర్తిగా పోదు. నీడలా మిగులుతుంది. చిట్టి రీడర్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది.

"పెద్దమ్మా, ఈ పడవ వెనకాల ఎవరో ఉన్నారు."

మబ్బులన్నాను. కాదు, నవ్వుతున్నారు, అమ్మలా ఉంది అంది. నీకు చెట్టు చూసినా పుట్ట చూసినా అమ్మలాగే కనబడుతుంది అని కసిరాను. లాక్కుని, గబగబా ఓ ఇరవై పేజీలు తిప్పి మళ్ళీ ఆపాను. నీడ పోయింది. చిట్టి తీసుకుని చూసి, వెళ్ళిపోయింది అంది. అన్నం సగంలో వదిలేసింది.

జూలై 14

ఆయన నా ఫోనులో టైము చూడబోయి ఫోటోలు చూశాడు. మీద మీద ఇరవై రెండు చెల్లి ముఖాలు. ఇవి పిల్లకి చూపించావా అని అడిగాడు. చూపిస్తాలే అన్నాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయనకి బస్సు గొడవ తప్ప ఇంటి గొడవ ఎప్పుడు పట్టింది కనక?

జూలై 20

చిట్టి ఇవాళ ఫోటో వచ్చిందా అని అడగలేదు.

జూలై 21

అడగలేదు.

జూలై 29

జడ వేస్తుంటే అద్దంలోంచి నన్ను చూస్తూ, అమ్మకి నేను గుర్తున్నానా అంది. గుర్తుండకుండా ఎలా ఉంటావే అన్నాను. మెల్లగానే అన్నాను. కాస్త ఆగి అన్నాను. ఆ కాస్త ఆగడం అనవసరం. పిల్లలకి అలాంటివి బాగా తెలుస్తాయి.

మంచి కొలతలో కొత్తగా ఒక జింక దొరికింది. పెట్టాను.

ఆగస్టు 2

చెల్లి వస్తోందట. రెండు రోజులకి. మళ్ళీ వెళ్ళాలట. ఎందుకో వచ్చాక చెప్తానంది.

ముప్ఫై తొమ్మిది ఫోటోలున్నాయి. అన్నీ ఇవాళే ఎక్కించేస్తే? తేదీలుంటాయి కదా. చిట్టి తేదీలు చూస్తుంది. నేర్పింది నేనే.

ఆగస్టు 5

వరసగా రాస్తాను.

పదిగంటలకి వచ్చింది. ఆటో దిగి మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. మెడకి స్కార్ఫు, చేతిలో చిన్న నోట్‌బుక్కు, పెన్ను. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మేం ముగ్గురమే. చిట్టి నా వెనకాల నిలబడి నా చీర కొంగు పట్టుకుంది. చెల్లి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. చిట్టి రాలేదు. కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

చెల్లికి నవ్వడం వచ్చు కాబట్టి నవ్వింది. చుట్టూ చూసి, బల్ల మీద రీడర్ కనబడితే చేతిలోకి తీసుకుంది. జింక. తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

అప్పుడు చిట్టి నా వెనక నుంచే అడిగింది. అరవలేదు. లెక్క అడిగినట్టు అడిగింది.

"ఒక్క ఫోటో కూడా ఎందుకు పంపలేదమ్మా? నేను కోసుకుంటానని కూడా చెప్పించాను."

చెల్లి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. బయట ఎవరిదో స్కూటరు స్టార్టు కావడం లేదు, కొట్టి కొట్టి వదిలేశారు, మళ్ళీ కొట్టారు. చెప్పేస్తుందనుకున్నాను. నోరు లేకపోతేనేం, ఫోనుంది, పంపినవన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. ఒక్కసారి తెరిచి పిల్లకి చూపిస్తే నా పని అయిపోయేది. ఫోను తీసింది కూడా. చిట్టి కొంగుని ఇంకా గట్టిగా పట్టుకుంది, పిన్ను ఊడి భుజానికి గుచ్చుకుంది. చెల్లి ఆ చెయ్యిని చూసింది. ఫోను సంచిలో పెట్టేసి, నోట్‌బుక్కులో రాసి, చించి చిట్టికి ఇచ్చింది.

చిట్టి పైకి చదివింది. "తప్పు నాదే. మర్చిపోయాను."

కాగితం నా చేతికిచ్చి, హోంవర్కు ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కాగితం ఇక్కడ అతికించాను. తన చేత్తోనే రాసింది, నేను రాయమనలేదు. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఆగస్టు 6

చెల్లి ఇవాళే వెళ్ళిపోయింది. రెండు రోజులని ఒక్కరోజే ఉంది. చిట్టి బడికి వెళ్ళాక వెళ్ళింది. నేను ఆటో దాకా వెళ్ళాను. ఎక్కి కూర్చున్నాక ఇంకో కాగితం నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

ఆ కాగితం సంగతి రాయను.

ఆగస్టు 7

ఆయన మాట్లాడటం మానేశాడు. మంచిదే, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 9

రాస్తాను. చించేశాను కానీ అక్షరం అక్షరం గుర్తుంది.

"గడ్డ మళ్ళీ వచ్చిందట. ఈసారి కొయ్యడానికి వీల్లేదన్నారు. చిట్టి ఇక నీ దగ్గరే పెరగాలి. నువ్వేం చేశావో తెలిస్తే అది నీ దగ్గర పడుకోలేదు, నీ చేతి ముద్ద తినలేదు. వేరే చోటు దానికి లేదు. అందుకే అలా రాశాను. నిన్ను క్షమించి కాదు."

కింద ఇంకో లైను. "ఫోటోలు మాత్రం పంపుతూనే ఉంటాను. నువ్వు చూడు."

ఆగస్టు 10

పంపింది.

ఆగస్టు 11

పంపింది.

ఆగస్టు 13

పంపింది. స్కార్ఫు లేదు. గొట్టం కనబడుతోంది. 1072, 1448.

ఇవాళ నాకు ఏడుపొచ్చింది. స్టూడియోలో ఎవరి పెళ్ళిరోజు ఫోటోనో కోస్తూ ఏడ్చాను. కళ్ళు అలిసి ఉంటాయి, కొత్త అద్దాలు ఇంకా అలవాటు కాలేదు. సాయంత్రం చిట్టిని కూర్చోబెట్టి, అమ్మ ఫోటో ఒకటి దొరికింది, రీడర్లో పెట్టనా అని అడిగాను. నిజంగానే పెడదామనుకున్నాను.

"వద్దు పెద్దమ్మా. అమ్మే మర్చిపోయింది కదా."

గట్టిగా ఇంకోసారి అడగొచ్చు. నిజం చెప్పొచ్చు. పిల్లకి నేను తప్ప ఎవరూ లేరని చెల్లే కదా రాసింది. ఆ పిల్ల నన్ను వదిలేస్తే చెల్లి చేసినదంతా వృథా అయిపోదూ? చెల్లి కోసమే నోరు మూసుకున్నాను.

ఆగస్టు 16

బడి నుంచి వచ్చి గంటసేపు నా కంప్యూటరు ముందు కూర్చుంది. నన్ను రానివ్వలేదు. తర్వాత రీడర్ వెనకాల దాచుకుని వచ్చి, కళ్ళు మూసుకో అంది. మూసుకున్నాను.

తెరిచాక చూస్తే నిరుటి స్టూడియో ఫోటో. మేం ముగ్గురం దిగినది. అందులో నేనూ చిట్టీ మాత్రమే ఉన్నాం. నిలువుగా, స్క్రీను నిండా, తెల్ల పట్టీ అన్నది లేకుండా. నా కళ్ళు ఇద్దరిలో పైనున్న కళ్ళు కాబట్టి మూడో వంతులో నావే పెట్టింది. ఎడమవైపు గీత ఎంత తిన్నగా వేసిందంటే, అక్కడ ఒక మనిషి ఉండేదని ఎవరూ చెప్పలేరు.

నా భుజం మీద మాత్రం ఒక చెయ్యి ఉంది. ఎవరిదీ కాని చెయ్యి.

"అది కూడా తీసేద్దామనుకున్నా పెద్దమ్మా. తీస్తే నీ భుజం పోతోంది."

బాగా కుదిరిందన్నాను. నిజంగానే బాగా కుదిరింది, స్టూడియోలో నేను కూడా అంతకన్నా బాగా కొయ్యలేను. దగ్గరికి వచ్చి ఒళ్ళో కూర్చుంది. "అమ్మా అని పిలవనా?" అని అడిగింది. ఎన్నాళ్ళుగా ఎదురుచూశానో ఆ మాట కోసం. తల ఊపాను.

ఏడింటికి చెల్లి మెసేజి. "ఇప్పుడు స్క్రీను మీద ఏముంది అక్కా?"

నువ్వే, అని రాశాను.

"సైజు సరిపోయిందా?"

సరిగ్గా సరిపోయిందని రాశాను. అందులో అబద్ధమేం లేదు.